గిన్నె అందరిదీ, కంచం నాది

మా పుట్టింట్లో రాత్రిపూట అన్నం వండరు. అత్తవారింట్లో రాత్రి అన్నం వండలేదంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని లెక్క.

నాది నారాయణపేట దగ్గర పల్లె, కర్ణాటక సరిహద్దు. అక్కడ పొద్దుగూకితే జొన్న రొట్టె, దానిలోకి పప్పో పుంటికూరో, ఏదీ లేకపోతే పల్లీల పొడి. మా అత్తగారిది పాలకొల్లు వైపు. వరి చేల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మామయ్యగారి ఉద్యోగం పుణ్యమా అని హైదరాబాద్ వచ్చి, నిజాంపేటలో స్థిరపడి చాలా ఏళ్లయినా వంటింట్లో మాత్రం గోదావరి పారుతూనే ఉంది. పెళ్లయిన కొత్తలో నాకు ఆ తిండి తెగ నచ్చింది. ముద్దపప్పు, ఆవకాయ, పూస నెయ్యి, పక్కన బంగాళాదుంప వేపుడు. ఎవరికి నచ్చదు?

రెండో కాన్పులో నాకు షుగరు వచ్చింది. బాబు పుట్టాక తగ్గిపోయింది. అలా గర్భంతో ఉన్నప్పుడు వచ్చి పోయినవాళ్లకు తర్వాతెప్పుడైనా టైప్ 2 షుగరు వచ్చే అవకాశం ఎక్కువ, మానకుండా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి అని డాక్టరమ్మ అప్పుడే చెప్పారు. చేయించుకుంటూనే వచ్చాను. బాబు ఒకటో తరగతిలో చేరిన ఏడాది హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 6.2 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు. అక్కణ్నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగరుకు ముందు మెట్టు. 6.5 తాకితే షుగరు వ్యాధి అనే అంటారు. పరగడుపున చూస్తే 112. అదీ 100కీ 125కీ మధ్య, అంటే అదే కోవ. ఇప్పుడే మందులొద్దు, తిండి, నడక సరిచేసుకుని మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అన్నారు డాక్టరమ్మ. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల షుగరు సగటును చూపిస్తుంది కాబట్టి ఆ గడువు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందనీ, మరో 13.6 కోట్ల మంది నాలాగే గట్టు మీద ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పింది. ఆ లెక్క ఇంట్లో చదివి వినిపిస్తే మా అత్తగారు చాలా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "అంతమందికి ఉంటే ఇంక అది జబ్బెలా అవుద్దమ్మాయ్?"

డైటీషియన్ ఇచ్చిన కాగితంలో పొద్దున ఓట్స్, మధ్యాహ్నం క్వినోవా, సాయంత్రం గ్రీన్ టీ, రాత్రికి సూపు, ఉడకబెట్టిన బ్రకోలీ ఉన్నాయి. ఆ కాగితం తప్పని నేననను. అందులో మా ఇల్లు లేదు, అంతే. ఇంట్లో ఆరుగురం. అత్తగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. నేను బడిలో పాఠాలు చెబుతాను, ఏడున్నరకల్లా గుమ్మం దాటాలి. ఆ లోపు రెండు పొయ్యిల స్టవ్ మీద ఇడ్లీ కుక్కరు, కూర, పాలు, పిల్లల బాక్సులు. ఈ హడావిడిలో నా ఓట్స్ గిన్నెకు చోటు దొరకడమే గగనం.

అయినా కొన్నాళ్లు వేరేగా వండుకున్నాను. దానివల్ల షుగరు సంగతేమో గానీ ఇంట్లో వాతావరణం చెడింది. మా అత్తగారు నన్ను ఒక్క మాటా అనలేదు. ఫోన్‌లో వాళ్ల అక్కగారితో అన్నారు, నాకు వినపడేలాగానే. "మా కోడలు ఇప్పుడు మన వంట తినట్లేదే. ఏదో దాణా ఉడకబెట్టుకుంటంది." ఆమె బాధ నాకు అర్థం కాకపోలేదు. పొద్దున్నే లేచి ఆరుగురి కోసం వండిన మనిషి ముందు కూర్చుని, ఆమె గిన్నె మూత కూడా తీయకుండా నా గిన్నె నేను ఖాళీ చేస్తుంటే ఎవరికైనా చివుక్కుమంటుంది. పైగా పిల్లలు అడగడం మొదలుపెట్టారు, అమ్మకు నానమ్మ వంట నచ్చదా అని. మా ఆయన్ని కదిలిస్తే, "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకు తల్లీ" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మా అమ్మకు ఫోన్ చేస్తే ఆమె తీర్పు ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఓట్లు గీట్లు నీకెందుకు బిడ్డా. బువ్వ తక్కువ చెయ్, రొట్టె చేసుకో." చెప్పడం తేలికే. అత్తగారింట్లో బువ్వ తక్కువ చెయ్యడం ఎంత కష్టమో ఆమెకేం తెలుసు.

కష్టం ఎక్కడుందో నాకూ వెంటనే తెలియలేదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఊరికే గమనిస్తూ కూర్చున్నాను. మా పుట్టింట్లో రొట్టె ఒకటే, కూర ఒకటే. రెండు రొట్టెలు తింటే భోజనం అయిపోయినట్టు. ఇక్కడ అలా కాదు. మొదట పప్పులోకి అన్నం. తర్వాత కూరలోకి అన్నం. మధ్యలో పచ్చడి కనిపిస్తే దానిలోకి రెండు ముద్దలు. పులుసులోకో చారులోకో అన్నం. ఆఖర్న పెరుగన్నం, అది తినకపోతే భోజనం పూర్తయినట్టే కాదు. ఎవరూ ఎక్కువ పెట్టుకోవడం లేదు. ప్రతిసారీ కొంచెమే. ఆ కొంచేలన్నీ కలిస్తేనే కంచం నిండా అన్నమవుతోంది. వంటకాలు ఎన్ని పెరిగితే అన్నం అంత పెరుగుతుంది. పండగ రోజు ఇంకా చెప్పనక్కర్లేదు, పులిహోర కూడా అన్నమే కదా.

మర్నాడు వంటింటి తూకం తీశాను. మేము బియ్యం కొలిచే స్టీలు గ్లాసు 180 గ్రాములు పట్టింది. నా వాటాకు మధ్యాహ్నం ముప్పావు గ్లాసు, రాత్రి ముప్పావు గ్లాసు. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో దానికి అదనం. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషి కంచంలో బియ్యం, గోధుమ, జొన్న లాంటివన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పప్పు దినుసులు 85 గ్రాములు ఉండాలని అందులో ఉంది. మా బియ్యమే ఆ 250 దాటేసింది. కూరగాయల వైపు చూస్తే నవ్వొచ్చింది. అరకిలో దొండకాయలు వేపితే అది ఆరుగురి కూర. తలా 80 గ్రాముల చిల్లర. అదీ వేగి వేగి గుప్పెడవుతుంది. ఆ వేపుడుకు పోసే నూనె మాత్రం తక్కువేం కాదు. మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె అన్నారు, అంటే నెలకు కిలో లోపే. పిల్లల్ని కూడా పెద్దవాళ్ల కింద లెక్కేసినా ఐదు లీటర్ల చిల్లర. మా ఇంటికి నెలకు ఎనిమిది లీటర్లు వచ్చేది, నెయ్యి కాకుండా.

ఈ అంకెలేవీ మా అత్తగారికి చెప్పలేదు. చెబితే అది ఆమె వంట మీద పరీక్ష పెట్టి మార్కులు వేసినట్టుండేది. నాలో నేను మాత్రం ఒకటి తేల్చుకున్నాను. ఇంటి వంట మార్చను, విడిగా వండుకోను. అదే గిన్నెలోంచి వడ్డించుకుంటాను. కంచంలో పాళ్లు మాత్రం నా ఇష్టం.

కాబట్టి ముందు కప్పు నిండా కూర, ఇంకో కప్పులో పప్పు, రెండూ అన్నం లేకుండా తినేసి, అప్పుడు ఒక్కసారే అన్నం పెట్టుకుని పులుసో చారో కలుపుకోవడం. చివర పెరుగన్నం బదులు గ్లాసుడు మజ్జిగ. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే షుగరు అంత వేగంగా పెరగదని డాక్టరమ్మ కూడా చెప్పారు. వినడానికి బాగానే ఉంది. మొదటి రోజే నోరు భగ్గుమంది.

మన కూరలు అన్నం కోసం పుట్టినవి. పిడికెడు దొండకాయ వేపుడు ఇంత అన్నాన్ని లాగాలి కాబట్టి ఉప్పూ కారం ఆ లెక్కన వేస్తారు. దాన్ని ఉత్తగా తినడమంటే నాలుక మీద శిక్షే. ఉప్పు మాట కూడా ఉంది. రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, అలాంటి కూర కప్పు నిండా తింటే షుగరు తగ్గేలోపు బీపీ వచ్చేలా ఉంది. ఉప్పూ కారం తగ్గించి వండమంటే మిగతా ఐదుగురికీ చప్పగా ఉంటుంది. మళ్లీ మొదటికే వచ్చాం.

దారి మా అత్తగారి వంటల్లోనే ఉంది. ఆమెకు వేపుళ్లు కాక ఇంకా చాలా వచ్చు. పెళ్లయిన కొత్తలో బీరకాయ పెసరపప్పు, పొట్లకాయ పెసరపప్పు, పాలు పోసి వండిన సొరకాయ, కంద బచ్చలి, పనసపొట్టు కూర తరచూ చేసేవారు. పిల్లలు పెద్దవుతున్న కొద్దీ వేపుడు ఉంటేనే కంచం ముందు కూర్చుంటున్నారని అవన్నీ మానేశారు. అవి కారం తక్కువ కూరలు, నూనె తక్కువ కూరలు, పెసరపప్పు పడ్డాక ఉత్తగా కప్పుడు తిన్నా హాయిగా ఉండే కూరలు. ఒక శనివారం సాయంత్రం మెల్లగా అడిగాను. "అత్తయ్యా, మీరు ఆవపెట్టి అరటిపువ్వు కూర చేసేవారు కదా. ఈమధ్య చెయ్యట్లేదేం?"

ఆమె నన్ను ఎగాదిగా చూశారు. "ఎవరు తింటారని?"

"నేను తింటాను. గిన్నెడు పెట్టినా తింటాను."

మర్నాడు పొద్దున్నే కూకట్‌పల్లి రైతు బజారుకు బయల్దేరదీశారు. అరటిపువ్వును తిప్పి తిప్పి చూసి, పైడొప్ప ముదురు ఎరుపులో బిగుతుగా ఉన్నదాన్ని ఏరారు. ఇంటికొచ్చి కింద పేపరు పరిచి, చేతులకు నూనె రాసుకుని కూర్చున్నారు, లేకపోతే కసరుకు వేళ్లు నల్లబడతాయి. డొప్ప ఒక్కొక్కటే విప్పి, లోపల వరసగా ఉన్న పువ్వుల్ని తీసి, ప్రతి పువ్వులోంచీ ఉడకని గట్టి పుల్లనీ, పక్కనుండే ప్లాస్టిక్ ముక్కలాంటి పొరనీ లాగి పారేసి, మిగిలింది పలచటి మజ్జిగలో వేస్తూ పోయారు. నేనూ పక్కన కూర్చున్నాను. నాకు ఒక డొప్ప అయ్యేసరికి ఆమెకు మూడయ్యాయి. తరిగి, పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండి, తాలింపులో వేసి, పొయ్యి ఆపాక ఆవముద్ద కలిపారు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుద్దంట. ఆ పూట నేను కప్పున్నర కూర తిన్నాను, అన్నం రెండు గరిటెలు. ఆమె నా అన్నం వైపు చూడనే లేదు. కూర గిన్నె ఖాళీ అవుతుంటే దాన్నే చూస్తున్నారు.

అప్పట్నుంచి మా ఇంట్లో వారంలో సగం రోజులు ఇలాంటి కూరలే. మిగతా రోజుల్లో వేపుడు. వేపుడు రోజున దాన్ని నంజుకోవడానికి కాస్త పెట్టుకుని పప్పుతో సరిపెట్టుకుంటాను. తోటకూర పులుసు, మజ్జిగ పులుసు కూడా నాకు కూరల కిందే లెక్క. ఆదివారం చేపల పులుసు ఉంటే నా పంట పండినట్టే. రెండు ముక్కలు ఎక్కువేసుకుని అన్నం తగ్గించినా ఎవరూ నోరెత్తరు. చేపలు ఎక్కువ తినే కోడలంటే గోదావరి వాళ్లకు గౌరవం.

గ్లూకోమీటరు కొన్నది ఈ మధ్యకాలంలోనే. రోజూ పొడుచుకోవడానికి కాదు, ఒక్కో స్ట్రిప్పు 20 రూపాయల పైమాటే. ఏ తిండికి ఒళ్లు ఏమంటోందో తెలుసుకోవడానికి. మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు చూడాలి, 140 లోపుంటే మంచిది. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీతో 168. రెండు పెసరట్లు, అల్లం పచ్చడితో 126. వేపుడుతో మామూలుగా భోంచేస్తే 181. అదే అన్నం సగానికి తగ్గించి, ముందు కూరా పప్పూ తింటే 138.

అన్నిటికంటే ఆశ్చర్యపోయింది రాగి జావ దగ్గర. షుగరు అనగానే ప్రతివాళ్లూ ఇచ్చే సలహా అదే, జావ తాగు, జావ తాగు అని. గ్లాసుడు తాగి చూస్తే 174. రాగులు మంచివే, కాల్షియం బోలెడు. కానీ మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో పలచగా కాచాక దానిలో నమలడానికి ఏమీ మిగలదు, కడుపులో పడగానే అరిగిపోతుంది. జావ మానలేదు. మజ్జిగ కలిపి అరగ్లాసు, పక్కన ఉడికించిన గుడ్డో గుప్పెడు పల్లీలో పెట్టుకుంటే మరీ అంత ఎగరడం లేదు. ఇది నా ఒంటి సంగతి. మీకు వేరేలా ఉండొచ్చు, పొడుచుకుంటే గానీ తెలియదు.

ఆ మిషను మా ఇంట్లో నాకంటే ఎక్కువగా మామయ్యగారిని మార్చింది. ఆయనకు పాత షుగరు. "మాత్ర వేసుకుంటున్నాగా" అనేది ఆయన సమాధానం, అడిగినా అడక్కపోయినా. ఒక పొద్దున అత్తగారు దిబ్బరొట్టె వేశారు. మూకుడులో మినపరొట్టి పిండి మందంగా పోసి, మూతపెట్టి, సన్న సెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా ఉంచి, చెరకు పానకంతో పెట్టారు. అది తిన్న రెండు గంటలకు ఆయనే వచ్చి వేలు చాపారు. "ఏదమ్మా, నాది కూడా ఓసారి చూడు." 243. మాట్లాడకుండా వెళ్లి బాల్కనీలో కూర్చున్నారు. మా అత్తగారు మాత్రం, "ఆ మిషను పాడైనట్టుంది, నీ వేలు పెట్టి చూడు" అన్నారు. నా వేలు పెట్టి చూశాను. మిషను బాగానే ఉంది.

ఆ వారం నుంచి మామయ్యగారు రాత్రి అన్నం సగానికి తగ్గించారు, ఎవరికీ చెప్పకుండా. ఒక సాయంత్రం చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడిపోయారు. చూస్తే 61. చక్కెర నీళ్లు తాగించి, కాసేపటికి కుదుటపడ్డాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వేసుకునేది గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర. తిండి తగ్గినా ఆ మాత్ర తన పని తాను చేసుకుపోతుంది, అందుకే పడిపోయింది. డాక్టరు మోతాదు తగ్గించి రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు షుగరు మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే, మనం చేస్తున్నది చూసి వాళ్లూ అన్నం తగ్గించే ముందు డాక్టరుతో ఒక్క మాట చెప్పించండి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

బియ్యం మార్చే ప్రయత్నాలు కూడా జరిగాయి. దంపుడు బియ్యం తెస్తే రాత్రంతా నానబెట్టి వండినా మామయ్యగారి పళ్లు ఒప్పుకోలేదు. "ఇది నమలతా కూర్చుంటే పొద్దుపోద్ది" అన్నారు. ఆ సంచి మెల్లగా దోసెల పిండిలోకి పోయింది. మా ఇంట్లో ఎప్పుడూ సాంబ మసూరే, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. దాని తర్వాత తెలంగాణ సోనా తెచ్చాను, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఆర్‌ఎన్‌ఆర్ 15048. తిన్నది ఎంత వేగంగా షుగరు పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుందని దానికి పేరు, 55 లోపుంటే తక్కువ అంటారు. సన్నగా, తెల్లగా, చూడ్డానికి సాంబ మసూరిలాగే ఉంటుంది. మా అత్తగారు సంచి మీద పేరు చదివి, "చివరికి వాళ్ల రాష్ట్రం బియ్యమే తెచ్చిపెట్టిందండీ" అని మామయ్యగారితో అన్నారు. వండాక ఏ పేచీ లేదు, ఇప్పటికీ అదే తింటున్నాం. అయితే ఆ బియ్యం తింటే షుగరు రాదు అని కొందరు చెప్పే మాట నమ్మకండి. ఇండెక్స్ తక్కువ కదా అని కంచం నిండా పెట్టుకుంటే మిషను మొహమాటపడదు.

ఇక రొట్టె. ఇది అన్నిటికంటే గడ్డు సమస్య, ఎందుకంటే రాత్రి అన్నం మానడమంటే మా అత్తగారి దృష్టిలో అలిగి పడుకోవడమే. "అన్నం తినకపోతే నీరసం వస్తుంది, రేపు పిల్లల ముందు ఎలా నిలబడతావ్?" అంటారు. కానీ ఆమే శనివారం రాత్రి అన్నం ముట్టరు, వేంకటేశ్వరస్వామికి ఒంటిపూట. ఆ రాత్రి ఆమెకు ఉప్మానో అట్టో ఫలహారం. దేవుడి కోసం మానితే నీరసం రాదు, డాక్టరు కోసం మానితే వస్తుంది. ఆ మాట పైకి అనలేదు లెండి. శనివారం రాత్రి ఫలహారంగా జొన్న రొట్టె చేస్తానన్నాను. ఫలహారం అన్నాక కాదనడానికి ఏమీ లేదు.

జొన్నపిండిలో సాగే గుణం ఉండదు. మరిగిన నీళ్లు పోసి, వేడి మీదే అరచేతి మడమతో గట్టిగా మర్దిస్తేనే ముద్ద అతుక్కుంటుంది. చల్లారితే అంచులు పగులుతాయి. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను ఒక చేత్తో తడుతూ, ఇంకో చేత్తో అంచు పట్టి తిప్పుతూ పోవాలి. పెనం మీద వేశాక పైకి ఉన్న పొడిపిండి వైపు నీళ్లతో తడిచెయ్యి రాయాలి, ఆ తడి ఆరేలోపు తిరగెయ్యాలి. ఆపైన సెగ మీద పెడితే పొంగుతుంది. మా అత్తగారు పక్కన నిలబడి చూస్తూ, "ఎందుకా పాట్లు, చపాతీ కర్రతో ఒత్తెయ్ రాదా" అన్నారు. ఇచ్చాను కర్ర. రెండు ఒత్తులకే ముద్ద మూడు ముక్కలైంది. ముక్కలు మళ్లీ కలిపి ఆమే చేత్తో తట్టడం మొదలుపెట్టారు. గుండ్రంగా రాలేదు గానీ విరక్కుండా పెనం ఎక్కింది. దాన్ని మామయ్యగారికి పెట్టి, "నేను చేసిందే" అని రెండుసార్లు చెప్పారు.

ఇప్పుడు వారంలో నాలుగైదు రాత్రులు రొట్టె ఉంటుంది, నాకూ మామయ్యగారికీ. అత్తగారికి అన్నమే. మా ఆయన రెండూ తింటాడు, అతనిది వేరే కథ. పాపకు రొట్టె చిదిపి నెయ్యి, బెల్లం కలిపి ముద్ద చేసిస్తే ఇష్టం, మా వైపు మలీద అంటాం. రాత్రి కుక్కరు ఇంకా పెడుతూనే ఉన్నాం, గ్లాసు తగ్గింది. భోజనాలయ్యాక నేనూ మామయ్యగారూ అపార్టుమెంటు చుట్టూ ఓ పావుగంట నడిచొస్తాం. ఆయన నడిచేటప్పుడు ఊళ్లో చేపల, రొయ్యల చెరువుల కబుర్లు చెబుతారు. నాకు శీలావతి అంటే ఏ చేపో, వనామీ అంటే ఏ రొయ్యో అలాగే తెలిసింది.

మధ్యాహ్నం బాక్సు నా చేతిలో ఉన్న పని కాబట్టి దానితో ఇబ్బంది లేదు. పెద్ద డబ్బాలో కూర, చిన్న డబ్బాలో అన్నం, అంతే తేడా. ఇదివరకు తలకిందులుగా ఉండేది. స్టాఫ్ రూములో మాత్రం నా డబ్బా తెరిస్తే పక్కవాళ్ల చేతులు ముందు కూరలోకే వస్తాయి.

స్వీట్ల దగ్గర నేను పెద్ద యోధురాలిని కాను. ఊరి నుంచి ఎవరొచ్చినా ఆత్రేయపురం పూతరేకులో, కాకినాడ కాజాలో చేత్తో పట్టుకునే వస్తారు. వద్దంటే తెచ్చినవాళ్లకు చిన్నతనం, తెప్పించిన అత్తగారికి ఇంకా చిన్నతనం. చుట్టాల ముందు షుగరు ఉపన్యాసం ఇవ్వడం నాకు నచ్చదు. అందుకని తీసుకుంటాను. అప్పుడే తినను, భోజనం చివర సగం తింటాను, ఆ పూట అన్నం మానేస్తాను. శ్రావణ శుక్రవారం బూరెలకు ఇంకో లెక్క ఉంది. బూరెలో నెయ్యి గుంట చేసి పోస్తారు కదా, ఆ రోజు ఏ లెక్కా ఉండదు. ఏడాదికి కొన్ని రోజులు అలా పోనివ్వకపోతే మిగతా రోజులు కూడా నిలబడవని నా నమ్మకం. డాక్టరమ్మ ఒప్పుకోరనుకోండి.

ఊరగాయల మీద మాత్రం ఇప్పటికీ రాజీ కుదరలేదు. వేసవి వచ్చిందంటే జాడీలు కడిగి ఎండబెట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె. ఆ జాడీ ఉన్నంతకాలం ముద్దపప్పు అన్నం పక్కన ఒక ముక్క పడాల్సిందే. నాకూ పడాల్సిందే.

మొదటి మూడు నెలలకు 6.0 వచ్చింది. ఏడాది తిరిగేసరికి 5.7, అంటే సరిగ్గా గీత మీద. పరగడుపున 100 లోపుకి వచ్చింది. బరువు కొంచెం తగ్గింది, చీర కుచ్చిళ్లు ఒకటి ఎక్కువొస్తోంది. ఇది ఇలాగే ఉంటుందన్న హామీ ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పారు. గర్భంతో ఉన్నప్పుడు ఒకసారి వచ్చి పోయినవాళ్లు జీవితాంతం కనిపెట్టుకుని ఉండాల్సిందేనట. మామయ్యగారిది ఇంకా ఎక్కువే ఉంది, కానీ మాత్ర మోతాదు మళ్లీ పెరగలేదు. నూనె నెలకు ఆరు లీటర్లకు దిగింది. ఐదుకి దిగడం ఈ ఇంట్లో జరిగే పని కాదు, వేపుడు ఉన్నంతవరకు.

సంక్రాంతికి పాలకొల్లు వెళ్లాలి. అక్కడ మా అత్తగారి అక్కగారిల్లు, పాతిక మంది చుట్టాలు, మళ్లీ అందరికీ మొదట్నుంచి చెప్పుకోవాలి. పోయినసారి ఆవిడ నా కంచంలోకి తొంగిచూసి, "ఇదేంటే, పిచ్చిక్కి పెట్టినట్టు పెట్టుకుంది మీ కోడలు" అంటే, నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు, "దానికి ముందు కూర తినే అలవాటులే అక్కా. నువ్వు ఆ కంద బచ్చలి ఇంకో రెండు గరిటెలు వెయ్యి" అన్నారు. అన్నారు గానీ, సాయంత్రం అరిసెలు రెండు తినేదాకా ఆమే వదిలిపెట్టలేదు.